సైకిల్ వెనక వంద కిలోలు

సైకిల్‌కి తగిలించుకునే ట్రైలర్ కొనాలనుకున్నవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ఎన్ని కిలోలు మోస్తుంది? అమ్మేవాళ్లు కూడా ఆ అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. ఫ్రేమూ చక్రాలూ ఎంత బరువుకి తట్టుకుంటాయో చెప్పడం వరకే దాని పని. ఆ బరువుతో మలుపు తిరగగలమా, పల్లంలో బండి ఆపగలమా అన్నది దాన్ని చూస్తే తెలియదు. ముందు ఈ రెండూ తేల్చుకుని, కిలోల సంగతికి తర్వాత రావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే లాగడం మనం భయపడేంత కష్టం కాదు. 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేశామనుకుందాం. తొక్కే మనిషి 65 కిలోలు, సైకిల్ 20, ఖాళీ ట్రైలర్ 20. అంతా కలిపి 205. గాలి సరిగ్గా కొట్టిన టైరు మంచి తారురోడ్డు మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, దాని మీదున్న బరువులో నూటికి ఒక వంతు కూడా ఉండదు. 0.008 వంతు అనుకుంటే 16 న్యూటన్లు. గంటకు 12 కిలోమీటర్ల వేగానికి ఇందుకు 53 వాట్లు, గాలిని చీల్చుకుపోవడానికి ఇంకో 15 వాట్లు చాలు. 70 వాట్లంటే ఒంట్లో ఓపికున్న మామూలు మనిషి గంటసేపు తొక్కగలిగేదే. కాలవగట్ల వెంట కోనసీమ ఊళ్లలో తిరిగేవాళ్లకి ఈ లెక్క సరిపోతుంది, వంతెన వచ్చేదాకా.

వంద మీటర్ల దూరంలో 5 మీటర్లు ఎక్కే రోడ్డు తీసుకోండి. చూడ్డానికి అదేం పెద్ద ఎత్తులా ఉండదు. కానీ భూమి వెనక్కి లాగే బలం అక్కడ 100 న్యూటన్లు, అంటే దొర్లుడు నిరోధానికి ఆరు రెట్లు. కాళ్లతో 100 వాట్లు తెప్పించినా వేగం గంటకు మూడు కిలోమీటర్లు దాటదు. అంత నెమ్మదిలో సైకిల్ నిటారుగా నిలవడమే గగనం. దిగి నెట్టుకుంటూ నడవడం నయం. అందులో చిన్నతనమేమీ లేదు. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్లు ఒక్కో సైకిల్ మీద 200 కిలోలకు పైగా సరుకు చేరవేసింది నెట్టుకుంటూనే. హ్యాండిల్‌కి వెదురుకర్ర కట్టి, పక్కన నడుస్తూ అడవి కొండలు దాటించారు.

ఎక్కిన రోడ్డు దిగాలి కదా, అసలు చిక్కు అక్కడుంది. గంటకు 20 కిలోమీటర్లతో పోతున్న సైకిల్, మనిషి కలిపి 85 కిలోలైతే వాటి గతిశక్తి దాదాపు 1,300 జౌళ్లు. ట్రైలరూ బస్తాలూ చేరితే 3,160. బ్రేకులు మాత్రం అవే, రోడ్డుని పట్టుకునే టైర్లూ అవే. ట్రైలర్ బరువు దాని చక్రాల మీదే ఉంటుంది కాబట్టి సైకిల్ టైర్ల పట్టు పెద్దగా పెరగదు. ఆగే దూరం మాత్రం రెండు రెట్లకు పైమాటే. ఇందాకటి వాలులో అదే వేగం నిలుపుకుంటూ దిగితే, ఖాళీ సైకిల్‌తో పోలిస్తే దాదాపు మూడు రెట్ల వేడి, సుమారు 400 వాట్లు, ఆ బ్రేకుల్లోనే పుడుతుంది.

అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. మనం బ్రేకు వేస్తాం, వెనకనున్న బరువు వెయ్యదు. అది సైకిల్‌ని ముందుకు తోస్తుంది. తిన్నగా పోతున్నప్పుడు ఆ తోపు మన వీపు వెనకే ఉంటుంది. మలుపులో ఉన్నప్పుడు మాత్రం వెనక చక్రాన్ని పక్కకి నెట్టేస్తుంది. సైకిలూ ట్రైలరూ కత్తెరలా ముడుచుకుపోతాయి. దీనికి చక్కని ఉపాయం ఉంది: ట్రైలర్ తోసుకొచ్చినప్పుడు ముందున్న కడ్డీ లోపలికి నొక్కుకుని, ఆ నొక్కుడుకే ట్రైలర్ చక్రాల బ్రేకు పడేలా అమర్చడం. ఎంత తోపు ఉంటే అంత బ్రేకు. జర్మనీలో చేసే కార్లా కార్గో ట్రైలర్‌ది ఈ పద్ధతే. అమెరికాలో అయోవా రాష్ట్రపు బైక్స్ ఎట్ వర్క్, ఇంకా సర్లీ కంపెనీల ట్రైలర్లు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు మోస్తాయి. వాటికి సొంత బ్రేకు ఉండదు. చదునైన ఊళ్లో చల్తా. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో నేనైతే వంద కిలోలకి అలాంటిది తీసుకోను.

ఇక మలుపులు. ట్రైలర్ చక్రాల మధ్య దూరం 70 సెంటీమీటర్లు, సరుకు బరువు కేంద్రం నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 4 మీటర్ల వ్యాసార్ధంతో గంటకు 15 కిలోమీటర్ల వేగంలో తిరిగితే నిలబడుతుంది. 18కి పెంచితే పక్కకి ఒరిగి పడిపోతుంది. మూడే కిలోమీటర్ల తేడా! పక్కకి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది మరి. కాబట్టి సరుకు పెట్టే పలక ఇరుసుకి పైన ఎత్తున ఉందా, చక్రాల మధ్యన కిందికి ఉందా అని చూడండి.

చక్రం గురించి కూడా ఓ మాట. స్పోకుల చక్రం నిలువు బరువుకి మొండిది, పక్క బరువుకి మెతక. సైకిల్ మలుపులో ఒరుగుతుంది కాబట్టి దాని చక్రం మీద పడే బలం చాలావరకు నిలువుగానే దిగుతుంది. రెండు చక్రాల ట్రైలర్ ఒరగదు. పక్కతోపంతా స్పోకులే భరించాలి. అందుకే బరువైన ట్రైలర్లకి 16, 20 అంగుళాల పొట్టి చక్రాలు మేలు. ఇరుసుని రెండు వైపులా పట్టి ఉంచే అమరిక ఇంకా మేలు. పెద్ద చక్రం గుంతల్ని సులువుగా దాటుతుందన్నది నిజమే, ఆ లాభం కొంత వదులుకోవాల్సిందే. బాబ్ యాక్ లాంటి ఒంటిచక్రం ట్రైలర్లు సైకిల్‌తో పాటు ఒరుగుతాయి, సన్నదారుల్లో బాగుంటాయి. కానీ వాటి హద్దు 32 కిలోలు. ఒరిగిన బరువునంతా మళ్లీ నిలబెట్టాల్సింది మన చేతులే మరి.

ట్రైలర్‌ని సైకిల్‌కి కలిపే కొక్కెం ఎక్కడ తగిలించాలి? వెనక ఇరుసు దగ్గర, కిందుగా. సీటు గొట్టానికి తగిలిస్తే ట్రైలర్ తోపు ఎత్తులో పడి, బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాన్ని లేపాలని చూస్తుంది. కొక్కెం అన్ని వైపులా తిరగాలి గానీ వదులుగా ఊగకూడదు. వదులుంటే ప్రతి పెడల్ తొక్కుకీ ఒక కుదుపు, ఆ కుదుపులకి రంధ్రం సాగుతూ పోతుంది.

బస్తాలు వేసే తీరు ఎడ్లబండి తోలినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనకబరువైతే కాడి పైకి లేస్తుంది, ముందుబరువైతే ఎద్దుల మెడలు నలుగుతాయి. ఇక్కడా అంతే: సరుకు బరువులో 5 నుంచి 10 శాతం కొక్కెం మీద ఉండాలి. కొక్కేనికీ ఇరుసుకీ మధ్య మీటరున్నర దూరముంటే, సరుకు కేంద్రాన్ని ఇరుసుకి 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే చాలు, వంద కిలోలకి ఆరేడు కిలోలు ముందుకి వస్తాయి. వెనక్కి జరిగితే సైకిల్ వెనక టైరు తేలికై, ట్రైలర్ తోకలా ఆడుతుంది.

మోటారు పెట్టించుకుంటే ఈ గొడవంతా తీరదా అంటారు కొందరు. మన దేశంలో 250 వాట్లలోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ సైకిల్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ 250కి మన కాళ్ల 100 కలిస్తే, ఇందాకటి ఎత్తుని గంటకు పది కిలోమీటర్లకు పైన ఎక్కేయొచ్చు. సంతోషమే. కాకపోతే నెట్టుకుంటూ నడవాల్సిన ఎత్తుకి ఇప్పుడు 205 కిలోలని కూర్చునే చేరుస్తాం, అవతలి వైపు దిగేది మాత్రం పాత బ్రేకులతోనే. మోటారుకి పెట్టే డబ్బులో కొంత తీసి ముందు ట్రైలర్‌కి బ్రేకు వేయించాలి. అది కుదరకపోతే బస్తాలు నాలుగు కాదు, రెండేసి చొప్పున రెండు ట్రిప్పులు వేసుకోవాలి.