అంత కప్పును మోసేది మా స్పీకర్లను మోయదా? ఇండోర్ స్టేడియాలపై అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోను. ఇండోర్ స్టేడియంలో సంగీత కార్యక్రమం పెట్టుకున్నారు, మూడు రోజులే ఉంది. స్పీకర్లు, లైట్లు బిగించే లోహపు చట్రం (ట్రస్సు), ఎల్ఈడీ తెర అన్నీ కప్పు నుంచి వేలాడదీయాలట. "సార్, వంద మీటర్ల కప్పు అంత ఇనుమును మోస్తూ నిలబడింది. మా నాలుగు స్పీకర్లు మోయదా?" అన్నాడు ఆ కుర్రాడు. ఇరవై ఏళ్లుగా పెద్ద స్పాన్ల కప్పులు, అంటే ఆసరాల మధ్య దూరం ఎక్కువగా ఉండేవి, డిజైన్ చేస్తున్నాను, ఈ మాట వినని ఏడాది లేదు. అడిగేవాళ్లను తప్పుపట్టను. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ గొట్టాల అల్లిక ఎంతైనా మోసేలాగే కనిపిస్తుంది. కానీ మా పనిలో జనానికి అన్నిటికంటే ఖరీదుగా పడే అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పెద్ద కప్పుకి చిన్న బరువు ఒక లెక్కా?

లెక్కే. స్పాన్ రెట్టింపైతే, ఒక్కో మీటరు మీద బరువు అంతే ఉన్నా, మధ్యలో కప్పును వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) నాలుగు రెట్లవుతుంది. అందుకే పెద్ద కప్పు బలంలో చాలా భాగం తనను తాను మోసుకోడానికే పోతుంది. మిగిలినదాంట్లోంచే గాలికి, వానకి, మంచుకి, వేలాడేవాటికి పంచాలి. పదివేల చదరపు మీటర్ల కప్పు తీసుకోండి. చదరపు మీటరుకి పది కిలోలు అదనంగా పెడితే వంద టన్నులు. ఏసీ డక్టులవాళ్లు "మాది పది కిలోలే" అంటారు. శబ్దం తగ్గించే ప్యానెళ్లవాళ్లూ అదే మాట. కేబుల్ ట్రేలు, స్ప్రింక్లర్ పైపులు, స్కోరుబోర్డు, అన్నీ ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఎవరి కాగితంలో వాళ్ల బరువు తక్కువే. మొత్తం కూడే కాగితం మాత్రం చాలా చోట్ల ఉండదు.

ఎంత బరువు అన్నది సగం ప్రశ్నే. ఎక్కడ కడుతున్నారన్నది మిగతా సగం. ఇలా గొట్టాలు అల్లి కట్టిన కప్పు చట్రాన్ని స్పేస్ ఫ్రేమ్ అంటాం, అందులో గొట్టాలన్నీ నోడ్లనే కీళ్ల దగ్గర కలుస్తాయి. బరువు నోడ్ దగ్గర పడితే గొట్టాలు లాగుడునో నొక్కుడునో మాత్రమే చూస్తాయి, మేం లెక్క వేసేదీ దానికే. అదే గొట్టం నడుముకు క్లాంపు బిగించి అర టన్ను వేలాడదీస్తే గొట్టం వంగడం మొదలవుతుంది. నొక్కుడులో ఉన్న సన్నటి గొట్టానికి అసలు ప్రమాదమే పక్కకు వంగిపోవడం. దాన్ని పక్క నుంచి ఇంకొంచెం వంచితే ఏమవుతుందో, రెండు అరచేతుల మధ్య సన్నటి పుల్లని నిలువుగా నొక్కుతూ పక్కవాడిని వేలితో తాకమనండి, తెలుస్తుంది.

ఒకసారి ఓ హాల్ తనిఖీకి వెళ్లి కప్పు కింద తనిఖీకి వేసే సన్నటి నడకదారి (క్యాట్‌వాక్) మీద నడుస్తున్నాను. డక్టు హ్యాంగర్లలో మూడోవంతు నోడ్లకు కాదు, గొట్టాల మధ్యకు కట్టి ఉన్నాయి. కట్టినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు చేతికి అందిన చోట బిగించారు. మూడు గొట్టాలకు ఉత్త కంటికే కనిపించేంత వంపు వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అక్కడ స్కూలు పిల్లల పోటీలు. ఉదయం ఆరింటికే నిర్వాహకులను లేపి పోటీలు ఆపించాను. వాళ్లకు కోపం వచ్చింది, నిజమే. ఆ హ్యాంగర్లన్నీ నోడ్లకు మార్చి, వంగిన గొట్టాలకు కింద ఆసరా ఇచ్చి కొత్తవి వేయడానికి రెండు నెలలు పట్టింది.

"ఇన్నేళ్లుగా నిలబడింది కదా" అనేవాళ్లకు నేను ఎప్పుడూ హార్ట్‌ఫర్డ్ సంగతి చెబుతాను. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్. ఆ స్పేస్ ఫ్రేమ్‌ని నేల మీదే కూర్చి 1973లో జాకీలతో పైకి లేపారు. నేల మీద ఉండగానే కొన్ని నోడ్లు లెక్క కంటే ఎక్కువ దిగాయి. పైకి లేపాక కొలిస్తే వంగుడు లెక్కకు రెట్టింపు తేలింది. చెబితే, ఇలాంటి తేడాలు మామూలే అన్నారు ఇంజనీర్లు. అంచు ప్యానెళ్లు బిగించేవాళ్లకు రంధ్రాలు కలవలేదు, వాళ్లు సర్దుకుని పని కానిచ్చారు. కప్పు చెప్పాల్సింది అప్పుడే చెప్పింది. 1978 జనవరి 18 తెల్లవారుజామున, బరువైన మంచు కింద, మొత్తం కూలిపోయింది. కొన్ని గంటల ముందు అక్కడ సుమారు ఐదువేలమంది బాస్కెట్‌బాల్ చూసి వెళ్లారు. ఎవరికీ దెబ్బ తగల్లేదంటే ఆ కొన్ని గంటల తేడా వల్లే. విచారణలో బయటపడింది ఏమిటంటే, పైవరస గొట్టాలకు 15 అడుగులకోసారి ఉండాల్సిన ఆసరా అంచుల్లో 30 అడుగులకోసారే ఉంది. ఆసరా లేని పొడవు రెట్టింపైతే సన్నటి గొట్టం బక్లింగ్ బలం, అంటే నొక్కుడుకు పక్కకు వంగిపోకుండా ఆగే శక్తి, నాలుగోవంతుకు పడిపోతుంది. దానికి తోడు కప్పు సొంత బరువునే తక్కువగా లెక్కవేశారు. ఐదేళ్లు నిలబడటం దాని బలానికి రుజువు కాలేదు.

అందుకే ఆ కుర్రాడికి చెప్పింది: వేలాడదీసే పాయింట్ల డ్రాయింగు ఉందా చూడు, అందులో ఏ నోడ్‌కు ఎంతో రాసి ఉంటుంది. గొలుసుతో బరువు ఎత్తే చైన్ హాయిస్టు మోటారు ఆగి మొదలైనప్పుడు ఇచ్చే కుదుపు కూడా కలుపుకో. డ్రాయింగు లేకపోతే నేల మీద టవర్లు నిలబెట్టి వాటికే కట్టుకో. టవర్లే తెప్పించాడు.

మిగతావి గబగబా.

"బరువైన కప్పే గట్టిది." ఇనుప రేకుల కప్పు మీద గాలివాన వస్తే ఒత్తిడి కిందికి కాదు, చాలా భాగంలో పైకి లాగుతుంది. అప్పటిదాకా లాగుడులో ఉన్న కిందివరస గొట్టాలు నొక్కుడులోకి మారతాయి. బరువు దీనికి కొంత సాయం చేస్తుంది, నిజమే. కానీ అదే బరువు భూకంపంలో పక్కకు తోసే బలాన్ని పెంచుతుంది. గట్టిదనం బరువులో లేదు, ఏ గొట్టం ఏ దిక్కున ఎంత చూడాలన్న లెక్కలో ఉంది.

"కప్పు పారదర్శకంగా ఉంటే పగలు కరెంటు అక్కర్లేదు." అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో తెరిచిన ఆస్ట్రోడోమ్ బేస్‌బాల్ స్టేడియం కప్పుకు, లోపలి గడ్డి పెరగాలని పారదర్శక ప్యానెళ్లు వేశారు. ఎండ మెరుపుకి పైకి లేచిన బంతి ఆటగాళ్లకు కనిపించలేదు. ప్యానెళ్లకు రంగేశారు. వెలుతురు తగ్గి లోపలి గడ్డి చచ్చింది. మరుసటి ఏడాది కృత్రిమ గడ్డి పరిచారు. ఉత్తరం వైపు కిటికీల వెలుతురు, పక్క గోడల నుంచి మసక వెలుతురు వేరు, నడినెత్తిన అద్దం వేరు.

"హాల్ కట్టేశాక ఏ ఆటకైనా గీతలు గీసుకోవచ్చు." బాస్కెట్‌బాల్‌కు 28 x 15 మీటర్ల కోర్టు, ఏడు మీటర్ల ఖాళీ ఎత్తు చాలు. హ్యాండ్‌బాల్‌కు 40 x 20 మీటర్లు. పెద్ద అంతర్జాతీయ బ్యాడ్మింటన్ పోటీలకు 12 మీటర్లు, వాలీబాల్‌కు 12.5 మీటర్లు ఖాళీ ఎత్తు కావాలి, అది కూడా దూలం అడుగు వరకు కాదు, అక్కడ వేలాడే దీపం అడుగు వరకు. తర్వాత కప్పు పెంచలేరు. కోర్టు మీదుగా ఏసీ గాలి వీస్తే షటిల్ దారి తప్పుతుంది, దాన్ని మాత్రం తర్వాత కొంతవరకు సరిచేయవచ్చు.

"మధ్యాహ్నం కప్పు టక్‌మంటే బీటలిచ్చినట్టే." ఈమధ్య ఒక తల్లి నాకు వాట్సాప్‌లో వీడియో పంపారు, ఎక్కడిదో కూలుతున్న కప్పు. ఎప్పటిదో, ఏ దేశందో కూడా లేదు, కింద మాత్రం "మీ పిల్లల్ని పంపకండి" అని రాసుంది. ఇలాంటివి పంచేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఆవిడ మీద కాదు. ఆవిడ కూతురు రోజూ ఇండోర్ హాల్‌లో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది, ఎండ ఎక్కగానే పైన చప్పుడు వస్తుందట, భయం న్యాయమే. ఆవిడకు ఇలా చెప్పాను: ఇనుము వేడికి సాగుతుందమ్మా. వంద మీటర్ల కప్పు ముప్పై డిగ్రీలు వేడెక్కితే మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. అది జరగడానికే స్తంభాల తలల మీద జారే బేరింగులు పెడతాం. అవి కదిలినప్పుడు, రేకులు స్క్రూల దగ్గర సర్దుకున్నప్పుడు చప్పుడొస్తుంది. రోజూ ఒకే వేళకు వచ్చి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ వస్తే అదే. కానీ ఎండతో పనిలేకుండా కొత్తగా మొదలైన చప్పుడు, తలుపులు హఠాత్తుగా పట్టేయడం, వాన వెలిశాక కూడా కప్పు నడుమ నీళ్లు నిలవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పి, ఇంజనీరు చూసేదాకా పాపను పంపకండి.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు. చప్పుడు పదకొండింటికి, మళ్లీ సాయంత్రం ఆరున్నరకి అట. హాల్‌వాళ్లను బేరింగులు చివరిసారి ఎప్పుడు చూశారని అడిగితే, అవి ఎక్కడుంటాయో తమకు తెలియదన్నారట. రేపు ఉదయం నిచ్చెన వేసుకుని చూడ్డానికి వెళ్తున్నాను.