ఒకే ఫొటోలో రెండు వెలుగులు

విశాఖ ఆర్కే బీచ్‌లో ఉదయాన్నే సముద్రం వైపు తిరిగి ఫొటో తీస్తే, తూర్పున లేచే సూర్యుడు కెమెరాకు నేరుగా ఎదురుగా ఉంటాడు. ఆకాశపు రంగులు దక్కేలా తీస్తే ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది. ముఖం తేటగా రావాలనుకుంటే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. కొత్తగా ఫ్లాష్ కొన్నవారు దానిని చీకటి కోసమే దాచుకుంటారు గానీ, దాని తత్వం బోధపడేది ఇలాంటి వెలుతురులోనే అని నా నమ్మకం.

కెమెరా పైన అమర్చే విడి ఫ్లాష్‌లో, బ్యాటరీల నుంచి వచ్చే విద్యుత్తును కెపాసిటర్ అనే నిల్వ భాగం సుమారు 300 వోల్టుల వరకు పోగుచేసి, జినాన్ వాయువు నింపిన గాజు గొట్టంలోకి ఒక్కసారిగా వదులుతుంది. ఆ మెరుపు సెకనులో దాదాపు వెయ్యో వంతులో ముగిసిపోతుంది. కెమెరాలోకి వెలుగును వదిలే తెర, అంటే షట్టర్, అంతకన్నా చాలా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి, దాని వేగాన్ని మార్చినా ముఖం మీద పడే మెరుపులో తేడా రాదు, వెనుక ఉన్న ఆకాశం మాత్రమే మారుతుంది. అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం పరిమాణం), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మాత్రం రెండు వెలుగుల మీదా పనిచేస్తాయి.

ఫ్లాష్‌ను మాన్యువల్‌లో, అంటే శక్తిని మనమే నిర్ణయించే పద్ధతిలో ఉంచి, సెకనులో 1/60, 1/125, 1/200 వంతు షట్టర్ వేగాలతో వరుసగా మూడు ఫొటోలు తీసి చూడండి. సముద్రం, ఆకాశం మెట్టుమెట్టుగా ముదురుతుంటే, ముఖంలో ఫ్లాష్ ఇచ్చిన వెలుగు, కంటిపాపలో మెరిసే తెల్లని చుక్క అలాగే నిలుస్తాయి. చాలా కెమెరాలలో 1/200 లేదా 1/250 దాటితే షట్టర్ తెరలు రెండూ ఒకేసారి పూర్తిగా తెరుచుకోవు కనుక, ఫొటోలో ఒక అంచున ఫ్లాష్ వెలుగు తగలని ముదురు పట్టీ పడుతుంది.

మెరుపు ఎంత కావాలో లెక్క తేలికే. గైడ్ నంబర్ అంటే దూరాన్ని అపెర్చర్ సంఖ్యతో గుణిస్తే వచ్చేది. ఐఎస్ఓ 100 వద్ద అది 32 మీటర్లైతే, అపెర్చర్ సంఖ్య ఎఫ్ 5.6 వద్ద పూర్తి శక్తి 5.7 మీటర్ల దూరానికి సరిపోతుంది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి, మనిషి 2 మీటర్లలోనే ఉంటే ఎనిమిదో వంతు శక్తి చాలు. అంత తక్కువ వాడితే ఫ్లాష్ మళ్లీ సిద్ధమయ్యే సమయమూ తగ్గుతుంది, సూర్యుడు పైకి ఎగబాకే ఆ కొద్ది నిమిషాల్లో అది ఎంతో విలువైనది.

ఇంటికి వచ్చాక ఫ్లాష్ తలను తెల్లని సీలింగ్ వైపు తిప్పితే, సీలింగే పెద్ద దీపమై నీడలు మెత్తబడతాయి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమ లోహపు కాంటాక్టులను పాడుచేస్తుంది కనుక, వాటిని ఆ రోజే పొడిగుడ్డతో తుడిచి ఫ్లాష్‌ను సంచిలో పెట్టుకోవాలి.