షియాన్ నూడుల్స్: కండబలం కథలు, కారం కథలు

చైనాలోని షియాన్ పద్ధతిలో నూడుల్స్ లాగడం నా వృత్తి. రెండు మూడు వేళ్ల వెడల్పు పట్టీలు, వాటిపై ఎండుకారం, ఆ కారం మీద కాగిన నూనె. షియాన్ ఉన్న షాన్‌షీ ప్రావిన్సులో దీన్ని యోపో మ్యెన్ అంటారు. వెడల్పు పట్టీలకు బియాంగ్‌బియాంగ్ అని పేరు. వీడియోలు చూసి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు కొన్ని నమ్మకాలు వెంట తెచ్చుకుంటారు.

అపోహ: లాగడానికి కండబలం కావాలి.
వాస్తవం: ఓపిక చాలు. కిలో మైదాకు అరలీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు. గుడ్డు, సోడా అక్కర్లేదు. పిసికిన వెంటనే పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ బిగుసుకుని ఉంటుంది కాబట్టి లాగితే వెనక్కి ముడుచుకుంటుంది, మరీ లాగితే తెగుతుంది. ముద్దలకు నూనె రాసి, కప్పి, రెండు గంటలు వదిలేస్తే అదే పిండి చెప్పినట్టు వింటుంది. అప్పుడు చదునుగా ఒత్తి, మధ్యలో కర్రతో నిలువునా గాడి పెట్టి, రెండు కొసలూ పట్టుకుని సాగదీస్తూ బల్లకేసి కొట్టాలి. ఆ దెబ్బ ప్రదర్శన కోసం కాదు, నడిమి భాగం ఎగిరిపడే ఊపుకే పట్టీ సాగుతుంది. చివరికి గాడి వెంట చీల్చాలి. అరగంటకే తొందరపడి లాగేవాళ్లకు మాత్రం నిజంగానే కండబలం కావాలి!

అపోహ: లాన్‌జో నూడుల్స్, ఇవీ ఒకటే.
వాస్తవం: కాదు. గాన్సు ప్రావిన్సులోని లాన్‌జోలో పిండికి క్షారం కలిపి, మడిచి మడిచి లాగుతారు. ఒక్క పోగును ఎనిమిదిసార్లు మడిస్తే 256 పోగులు. వాటిని గొడ్డుమాంసం పులుసులో వడ్డిస్తారు. యోపో మ్యెన్‌లో పులుసే ఉండదు.

అపోహ: నూనె పొగలు కక్కుతుండగానే పోయాలి.
వాస్తవం: ఎక్కువ గిన్నెలు పాడయ్యేది ఇక్కడే. అక్కడ వాడే రేప్‌సీడ్ (ఆవజాతి గింజల) నూనెకు పచ్చివాసన పోవాలంటే ఒకసారి పొగ రావాల్సిందే. కానీ ఆ వేడి మీదే పోస్తే కారం నల్లబడి చేదెక్కుతుంది. మంట ఆర్పి, దాదాపు 180 డిగ్రీలకు దిగనివ్వండి. ఉల్లికాడ ముక్క వేస్తే బుడగలతో తేలాలి, మాడకూడదు. మన తాలింపులో మిరపకాయ నూనెలోకి వెళ్తుంది, రంగు చూసి మంట తగ్గించుకోవచ్చు. ఇక్కడ నూనే కారం మీదికి వస్తుంది. పోశాక చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: గుంటూరు కారమైతే ఇంకా బాగుంటుంది.
వాస్తవం: గుంటూరు తేజ మిర్చి చైనాకు బాగానే ఎగుమతి అవుతుంది. కానీ షాన్‌షీ మిరపకు పేరు తెచ్చింది ఘాటుకన్నా రంగు, సువాసనే. అందుకే పొడి చెంచాల కొద్దీ వేస్తారు. తేజను అలా వేస్తే రెండో ముద్ద దిగదు. మన దగ్గర దొరికేవాటిలో బ్యాడిగి నయం.

అపోహ: ఇది రెండు వేల ఏళ్ల వంటకం.
వాస్తవం: చైనాలో నూడుల్స్ పాతవే. మిరప మాత్రం అమెరికా ఖండాల నుంచి అక్కడికి చేరింది 16వ శతాబ్దంలోనే. మన దేశానికి వచ్చిందీ దాదాపు అప్పుడే.

అపోహ: నాలుక తిమ్మిరెక్కాలి.
వాస్తవం: అది చైనాలోనే మరో ప్రావిన్సు సిచువాన్ రుచి. ఇక్కడ నల్ల వెనిగర్ పులుపు ముఖ్యం. పచ్చి వెల్లుల్లి రెబ్బలు నంజుకుంటూ తిని, నూడుల్స్ ఉడికిన నీళ్లను వేడివేడిగా తాగుతారు.