పూత మీద వాన పడితే: ఫైర్ బ్లైట్ లెక్క ఎలా పుట్టింది?

ఆపిల్ తోట పూత మీదున్నన్ని రోజులూ రైతుకు టెన్షనే. ఎండ కాస్తే పూలు విచ్చుకుంటాయి, తేనెటీగలు తిరుగుతాయి. ఆపిల్, పియర్ చెట్లకు వచ్చే ఫైర్ బ్లైట్ అనే తెగులు బలపడేదీ ఆ ఎండలోనే. సోకిన పూగుత్తి నల్లబడుతుంది, లేత రెమ్మ కొస కొక్కెంలా వంగి మాడిపోతుంది.

1780 ప్రాంతంలో న్యూయార్క్‌లోని హడ్సన్ లోయ తోటల్లో దీన్ని మొదట గమనించారు. చలికి చెట్టులో రసం గడ్డకట్టిందని కొందరు, పురుగు పనేనని కొందరు వందేళ్లు వాదించుకున్నారు. 1880 ప్రాంతంలో ఇలినాయ్‌లో థామస్ బరిల్ ఇది బాక్టీరియా పని అని తేల్చాడు. మొక్కల తెగులుకు బాక్టీరియా కారణమని తెలియడం అదే మొదలు. పువ్వు నుంచి పువ్వుకు దాన్ని తేనెటీగలు మోస్తాయని 1891లో మెర్టన్ వెయిట్ చూపించాడు.

1950ల్లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు చేతికొచ్చాక, ఏ రోజు కొట్టాలన్న లెక్కలు ఇక ఎందుకని చాలామంది అనుకున్నారు. పూత రాగానే కొట్టడం, నాలుగు రోజులకోసారి మళ్లీ కొట్టడం. 1971 నాటికి కాలిఫోర్నియా పియర్ తోటల్లో మందుకు లొంగని బాక్టీరియా బయటపడింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే: ఏ రోజు కొట్టాలన్నదే కాదు, ఏ రోజు కొట్టనక్కర్లేదో కూడా తెలియాల్సి వచ్చింది.

బాక్టీరియా ముందు పువ్వు కీలాగ్రం (పుప్పొడి అంటుకునే కొస) మీద పెరుగుతుంది. వెచ్చగా ఉంటే రెండు మూడు రోజుల్లో లక్షలకు చేరుతుంది. అంతవరకూ పువ్వుకు హాని లేదు. తడి తగిలితే అది కిందికి జారి మకరంద గ్రంథుల దగ్గర లోపలికి దిగుతుంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ స్టైనర్ బృందం చేసిన మేరీబ్లైట్ నమూనా ఈ క్రమాన్నే అంకెల్లోకి తెచ్చింది. పూలు విచ్చి ఉండాలి. 18.3 సెల్సియస్ పైన పోగైన వేడి 110 డిగ్రీ-గంటలు దాటాలి. అంటే ఒక గంట 24.3 ఉంటే ఖాతాలో 6 పడతాయి. పూలు మంచు బిందువులకో, 0.25 మి.మీ. జల్లుకో తడవాలి. ఆ రోజు సగటు ఉష్ణోగ్రత 15.6 కన్నా తగ్గకూడదు. నాలుగూ కలిస్తేనే ముప్పు.

వాషింగ్టన్ రాష్ట్రంలో టిమ్ స్మిత్ రూపొందించిన కూగర్‌బ్లైట్ అనే మరో నమూనా ఇంకో ప్రశ్న కలిపింది: ఈ తోటలో గానీ పక్క తోటలో గానీ ఈమధ్య తెగులు వచ్చిందా? వాతావరణం ఒకటే అయినా తోటను బట్టి ముప్పు మారుతుంది. అంకెల కన్నా ఈ ప్రశ్నే ముందు అడగాలేమో.

రేకులు రాలాక చాలామంది లెక్క ఆపేస్తారు. కొత్తగా నాటిన చెట్లకు ఆ తర్వాత కూడా అక్కడక్కడా పూలు వస్తూనే ఉంటాయి. అప్పటికి వేడి బాగా పెరిగి ఉంటుంది, స్ప్రేలు ఆగిపోయి ఉంటాయి.