బాంబుదాడిలో పౌరులు చనిపోతే పరిహారం: అపోహలు - వాస్తవాలు

మన దగ్గర బస్సు బోల్తా పడితే సాయంత్రానికల్లా ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. యుద్ధంలో బాంబు ఇళ్ల మీద పడినా అలాగే చెక్కు వస్తుందని చాలామంది అనుకుంటారు. యుద్ధ బాధితుల క్లెయిములు చూసే లాయర్‌గా ఇలాంటి మాటలు తరచూ వింటుంటాను.

అపోహ: పొరపాటు ఒప్పుకుంటే పరిహారం ఇచ్చి తీరాలి.

వాస్తవం: అమెరికాలో 1942 నాటి ఫారిన్ క్లెయిమ్స్ యాక్ట్ ఉంది. విదేశంలో వాళ్ల సైనిక ట్రక్కు ఎవరినైనా గుద్దితే దాని కింద క్లెయిమ్ వేయొచ్చు. అదే సైన్యం పోరాటంలో బాంబు వేస్తే ఆ చట్టం వర్తించదు. అప్పుడు మిగిలేది సానుభూతి సొమ్ము ఒక్కటే. అది ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది వాళ్ల ఇష్టం. 2015 అక్టోబర్ 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది పోయారు. అమెరికా తప్పు ఒప్పుకుంది. అయినా చనిపోయినవాళ్ల కుటుంబాలకు అందింది 6,000 డాలర్లు, గాయపడినవాళ్లకు 3,000.

అపోహ: ప్రాణానికి ఒక రేటు ఉంటుంది.

వాస్తవం: అదే 2015 జనవరిలో పాకిస్తాన్ సరిహద్దులో అమెరికా డ్రోన్ దాడికి ఒక ఇటలీ సహాయ కార్యకర్త బలయ్యాడు. ఆయన కుటుంబానికి 11.85 లక్షల యూరోలు ఇచ్చారు. తేడా ఎందుకో ఎవరినీ అడగక్కర్లేదు, పాస్‌పోర్టు చూస్తే చాలు.

అపోహ: డబ్బు చేతికొచ్చిందంటే నేరం ఒప్పుకున్నట్టే.

వాస్తవం: 2012 ఆగస్టులో యెమెన్‌లోని ఖషామిర్ ఊళ్లో డ్రోన్ దాడిలో అల్‌ఖైదాకు వ్యతిరేకంగా మాట్లాడిన ఒక ఇమామ్, ఆయన బంధువైన యువ పోలీసు చనిపోయారు. రెండేళ్ల తర్వాత యెమెన్ భద్రతాధికారి ఒకరు తమకు ప్లాస్టిక్ సంచిలో లక్ష డాలర్లు ఇచ్చారని కుటుంబం చెప్పింది. అన్నీ వరస నంబర్ల నోట్లేనట. అమెరికా మాత్రం దాడి తమదేనని ఒప్పుకోలేదు. బాధితులు వేసిన దావాను 2017లో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు కూడా కొట్టేసింది.

అపోహ: ఐరోపా కోర్టులకెళ్తే న్యాయం దొరుకుతుంది.

వాస్తవం: 2009లో కుందుజ్ దగ్గరే, నదిలో ఇరుక్కుపోయిన రెండు పెట్రోలు ట్యాంకర్ల మీద జర్మన్ కల్నల్ బాంబులు వేయించాడు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5,000 డాలర్ల చొప్పున ఇచ్చారు. విదేశాల్లో సైన్యం చేసే ఆపరేషన్లకు ప్రభుత్వ బాధ్యత చట్టం వర్తించదని 2016లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు తేల్చింది. నెదర్లాండ్స్ అయితే 2015లో ఇరాక్‌లోని హవీజా ఊరి మీద తమ విమానం చేసిన దాడికి డబ్బిచ్చింది కానీ ఊరి బాగుకోసం, కుటుంబాలకు కాదు.

అపోహ: నిధులు లేక ఇవ్వడం లేదు.

వాస్తవం: 2020 నుంచి అమెరికా కాంగ్రెస్ ఇలాంటి సానుభూతి సొమ్ముకు ఏడాదికి 30 లక్షల డాలర్ల దాకా అనుమతించింది. చిక్కంతా రుజువు దగ్గరే. సైన్యం తన లాగ్‌లో, అంటే దాడుల రికార్డులో, ఆ తేదీన, ఆ చోట దాడి ఉందా లేదా అని చూస్తుంది. అందుకే శిథిలాలు తీయకముందే ఫొటోలు తీయాలి, ఇంటి జీపీఎస్ లొకేషన్, దాడి జరిగిన టైము రాసుకోవాలి, గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేర్లు రాయాలి, ఆసుపత్రి కాగితం దాచుకోవాలి.