చాట్స్‌వర్త్ డ్యూకుల సంగతి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంగ్లండులో డ్యూకు, అంటే ప్రభువుల్లో అందరికంటే పెద్ద బిరుదు గల వ్యక్తి, తాతలు సంపాదించిన మేడలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడని మీరు అనుకుంటున్నట్లున్నారు. డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ భవనం కథ తెలిస్తే ఆ అభిప్రాయం మారుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు. బిరుదు పెద్దకొడుకుకే దక్కడం అక్కడి ఆచారం. కాని పదో డ్యూకు పెద్దకొడుకు విలియం 1944 సెప్టెంబరులో బెల్జియం యుద్ధరంగంలో మరణించడంతో, ఎదురుచూడని వారసత్వం తమ్ముడు ఆండ్రూ మీద పడింది. ఆస్తిని ముందుగానే రాసిచ్చి, ఆ తర్వాత ఐదేళ్లు బతికి ఉంటే మరణ పన్ను, అంటే చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను, ఉండదని అప్పటి చట్టం. తండ్రి ఆ ప్రకారమే రాసిచ్చారు గాని, గడువు ఇంకా కొన్ని వారాలు ఉందనగా, 1950 నవంబరులో కట్టెలు కొడుతూ గుండెపోటుతో కన్నుమూశారు. దాంతో నూటికి 80 వంతుల పన్ను కట్టవలసి వచ్చింది.

ఆ బాకీ తీర్చడానికి స్కాట్లండులోని వేల ఎకరాలు అమ్మారు. పదహారో శతాబ్దపు హార్డ్‌విక్ హాల్ 1959లో, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు చేరింది. రెంబ్రాంట్, హోల్బైన్‌ల చిత్రాలు పన్ను కింద జమై లండన్ చిత్రశాలలకు వెళ్లాయి. అవి ఇప్పుడు అందరి కళ్లకూ అందుతున్నాయి కనుక అది న్యాయమేనని నేను నమ్ముతాను. మన వైపు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీనే తీసివేసింది. బ్రిటన్‌లో మాత్రం భూమి హక్కు జోలికి పోకుండా పన్నుతో కోత పెట్టారు.

మిగిలినదాన్ని నిలబెట్టడంలో ఆండ్రూ భార్య డెబోరా పడిన శ్రమ నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. పాలూ మాంసమూ ఎక్కడినుంచి వస్తాయో పట్నపు పిల్లలు కళ్లారా చూడాలని ఆవిడ 1973లో పశువుల కొట్టం ఏర్పాటు చేసి, జనం ముందే ఆవు పాలు పితికించారు. 1977లో ఎస్టేటు పశువుల మాంసం అమ్మే దుకాణం తెరిచారు. నూరుకు పైగా గదులు, సీసపు రేకులు పరిచిన విశాలమైన పైకప్పు, బంగారు రేకు అద్దిన కిటికీ చట్రాలు ఉన్న ఇంటికి మరమ్మతు ఏనాటికీ పూర్తి కాదు. కౌలు రైతుల పొలాలు, గ్రామాల్లోని అద్దె ఇళ్లు, అడవి, సందర్శకుల టిక్కెట్లు, వీటన్నిటి లెక్కలూ ఏటా చూసుకోవాలి. బిరుదు వల్ల వచ్చే రాజకీయ హోదా కూడా కరిగిపోయింది. 1999 చట్టం 92 మందిని మినహాయించి, వారసత్వ ప్రభువులందరినీ పార్లమెంటు ఎగువ సభ నుంచి తప్పించింది.

1981లో భవనాన్ని, తోటను, ముఖ్యమైన కళాఖండాలను చూసుకోవడానికి ఒక ధర్మసంస్థను నెలకొల్పి, దాని మూలధనం కోసం పుస్సాన్ గీసిన చిత్రాన్ని అమ్మారు. అప్పటినుంచి ఆ ఇంట్లో తాము ఉండే గదులకు డ్యూకు కుటుంబం ఆ సంస్థకే అద్దె చెల్లిస్తోంది.

మీ తాతయ్య