సీసా మూత తీసే ముందు

విజయవాడ
ఆదివారం ఉదయం

చిన్నోడికీ, చిట్టితల్లికీ తాతయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీరు పంపిన ఫొటో చూశాను. పెట్రోల్ బంకులో కుర్రాడు మీ చేతిలో పెట్టిన చిన్న సీసా. "పాత బండి కదా సార్, ట్యాంకులో ఇదొక్కటి పోస్తే ఇంజిన్ కొత్తదైపోతుంది" అన్నాడట. పొయ్యాలా వద్దా అని అడిగారు. ఫోన్లోనే చెప్పేసేవాణ్ణి. కానీ మీరు నడుపుతున్నది మన 1996 మోడల్ మారుతీ 800. ఇంకో పదేళ్లు అది మీ దగ్గర తిరగాలని నా ఆశ. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

ఆటోనగర్ షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా ఇంజిన్లు విప్పిన చేతులివి. వాటితో తెలుసుకున్నది చెబుతాను. సీసాలో మందు మురికిని కడుగుతుంది. అరిగిన ఇనుము దానివల్ల మళ్లీ మొలవదు. మన ఇంజిన్‌కి వచ్చింది మురికి జబ్బా, అరుగుదల జబ్బా అన్నది తేలాకే సీసా సంగతి.

మురికి ఎక్కణ్ణుంచి వస్తుందో మీ కళ్లతోనే చూశారు. మొన్న సంక్రాంతికి గుర్తుందా? మీరిద్దరూ హాస్టల్లో ఉంటే కారు ఎనిమిది నెలలు కదలకుండా ఉండిపోయింది. చోక్ లాగి సెల్ఫ్ కొడితే అంటుకునేది, వెంటనే ఆగిపోయేది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ దింపి, దాంట్లో పెట్రోల్ నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ బౌల్, విప్పాను. అడుగున తేనె రంగులో ఎండిపోయిన పొర, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఘాటైన వాసన. పెట్రోల్ నిలవ ఉంటే గాలితో కలిసి మెల్లగా జిగురవుతుంది. తేలికైన భాగం ఆవిరైపోతుంది, జిగురు మిగిలిపోతుంది. పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క, మెయిన్ జెట్, తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూపించాను. ఆ రంధ్రం గుండ్రంగా చుక్కలా కనిపించాలి. మనకు అర్ధచంద్రుడిలా కనిపించింది.

చిట్టితల్లి పొడుద్దామని సూది తెచ్చింది. నేను గబుక్కున లాక్కుంటే మొహం చిన్నబుచ్చుకుంది. కారణం ఆ రోజు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను తల్లీ. జెట్టు ఇత్తడిది, మెత్తటి లోహం. ఆ రంధ్రం కొలత మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. సూది గీసుకుంటే రంధ్రం పెద్దదవుతుంది. ఇక ఆ బండి ఎప్పుడూ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, నల్లపొగ వదులుతుంది. దాన్ని మళ్లీ చిన్నది చెయ్యలేం, కొత్త జెట్టు కొనాల్సిందే. అందుకే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి, పది నిమిషాలు ఆగి, గాలి పట్టాం. ఆ తేనె రంగు పొర కరిగి కారిపోవడం మీరిద్దరూ నోరు తెరుచుకుని చూశారు. అక్కడ ఆ మందు నూటికి నూరు పాళ్లు పనిచేసింది. మురికి ఉన్న చోటికే వెళ్లింది, మురికినే కరిగించింది.

ఆ స్ప్రే గురించి కొన్ని జాగ్రత్తలు. మూసిన గదిలో కొట్టొద్దు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కళ్లజోడు లేకుండా అసలు ముట్టుకోవద్దు, జెట్టులోంచి ఎదురు తన్ని కంట్లో పడుతుంది. రబ్బరు డయాఫ్రమ్‌ల మీద పడితే అవి ఉబ్బిపోతాయి, ముందే తీసి పక్కన పెట్టాలి. ఇంకొకటి, చేతులు పెట్రోల్‌తో కడుక్కోవద్దు. షెడ్డుల్లో అందరూ చేసే పనే, నేనూ చేశాను. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. మీరు మాత్రం చెయ్యొద్దు.

ట్యాంకులో పోసే మందు ఎలా పనిచేస్తుందంటే, అమ్మమ్మ మీకు నూనె పెట్టి కుంకుడు రసంతో తలంటేది కదా, అలాగే. నీళ్లు ఒక్కటే పోస్తే జిడ్డు కదలదు. కుంకుడు రసంలోని పదార్థానికి ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లతో కలుస్తుంది. మంచి పెట్రోల్ క్లీనర్లలో పాలీఈథర్ అమైన్ అనే పదార్థం ఉంటుంది. దాని నైట్రోజన్ కొస మురికిని పట్టుకుంటుంది, పొడుగాటి తోక పెట్రోల్‌తో కలుస్తుంది. ఎంపీఎఫ్‌ఐ బళ్లలో, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే వాటిలో, ఇంజెక్టర్ మొనల్నీ, ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్నీ ఇది బాగానే శుభ్రం చేస్తుంది. ఇప్పుడొస్తున్న డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, వాల్వుల్ని తాకదు. కాబట్టి ఆ బళ్లలో ట్యాంకులో ఏం పోసినా వాల్వుల మీది మసి పోదు. మనది కార్బొరేటర్ బండి. వారానికి రెండు మూడుసార్లు తిరుగుతుంటే జెట్లలో జిగురు పట్టే సందే ఉండదు. మందు దాకా ఎందుకు?

ఇక ఇంజిన్ ఆయిల్‌లో పోసే మందులు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. నావల్ల ఒకాయన దెబ్బ తిన్నాడు.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక మాస్టారు తన కారు తెచ్చారు. ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. మూత తీసి చూస్తే లోపల కాటుక ముద్ద పూసినట్టు ఉంది. అప్పుడే కొత్తగా వచ్చిన ఇంజిన్ ఫ్లష్ డబ్బా నా దగ్గర ఉంది. పాత ఆయిల్‌లో పోశాను, పావుగంట నడిపాను, మొత్తం దించేసి కొత్త ఆయిల్ పోశాను. ఇంజిన్ చప్పుడు తగ్గింది. మాస్టారు సంతోషంగా వెళ్లారు. మూడో రోజు మంగళగిరి దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగిందట. ఆయన గమనించేలోపే కటకటమని చప్పుడొచ్చి ఇంజిన్ పట్టేసింది.

బండి లాక్కొచ్చి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, చాంబర్, దింపాను. ఆయిల్ పంపు కింద స్ట్రైనర్ అని చిన్న జాలీ ఉంటుంది, పంపు దాంట్లోంచే ఆయిల్ పీల్చుకుంటుంది. ఆ జాలీ కనిపించడం లేదు. అరచేతి మందాన నల్లటి పెచ్చు దానికి అతుక్కుపోయి ఉంది. ఏళ్ల తరబడి గోడలకు పట్టి ఉన్న మడ్డిని నేను పోసిన మందు వదులు చేసింది, పూర్తిగా కరిగించలేదు. పెచ్చులుగా ఊడి, వచ్చి జాలీకి అడ్డం పడ్డాయి. పంపుకి ఆయిల్ అందలేదు, బేరింగులు ఎండిపోయి కాలిపోయాయి. క్రాంకు గీతలు పడింది. ఆ ఇంజిన్ పనంతా నా ఖర్చుతో చేసిచ్చాను. మాస్టారు ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ బాధ.

అలాంటి బండి వస్తే చెయ్యాల్సింది వేరే ఉంది. చాంబర్ దింపి మడ్డిని చేత్తో తీసి, స్ట్రైనర్ కడిగి బిగించాలి. తర్వాత మంచి ఆయిల్ పోసి వెయ్యి కిలోమీటర్లకు మార్చాలి, మళ్లీ వెయ్యికి ఇంకోసారి. మామూలు ఆయిల్ డబ్బాలోనే పదో వంతు, కొన్నింటిలో ఐదో వంతు దాకా మందులే ఉంటాయి. మురికిని కడిగే కాల్షియం డిటర్జెంట్లు, కడిగిన మసిని మళ్లీ ఎక్కడా పేరుకోకుండా తేల్చి ఉంచేవి, లోహం మీద పొరలా నిలిచి అరుగుదల ఆపే జింక్, ఫాస్ఫరస్ కలిసిన మందు, నురగ రాకుండా చూసేది. అన్నీ తూకం ప్రకారం కలిపి ఇస్తారు. మారుతీ 800లో పట్టేది మూడు లీటర్ల లోపే. దాంట్లో మనం ఇంకో మందు పోస్తే ఆ తూకం చెడుతుంది. అందరూ భయపడే ఇంకో సంగతి, కొత్త ఆయిల్ నల్లబడటం. మసిని తనలోకి తీసుకుంటోంది కాబట్టే నల్లబడుతోంది. దానికి టెన్షన్ పడొద్దు. టైముకి మార్చండి చాలు. దించిన ఆయిల్ మాత్రం కాలవలో పొయ్యొద్దు, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

చిన్నోడా, నీ బైక్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గిస్తాయని అమ్మే మందులు దాంట్లో పోస్తే ప్లేట్లు పట్టు తప్పుతాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. డబ్బా మీద జాసో (JASO) ఎంఏ లేక ఎంఏ2 అని, అంటే ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు, ఉన్న ఆయిలే పొయ్యి, ఇంకేం కలపొద్దు.

పొగ ఆపుతామని అమ్మే చిక్కటి మందు ఇంకొకటి ఉంది. ఆయిల్ చిక్కబడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్ని దాటి పైకి రావడం తగ్గుతుంది, నాలుగు రోజులు పొగ కనబడదు. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లు కొందరు ఇది పోసి పెడతారు. కొన్నవాడి డబ్బు గంగలో పోసినట్టే. నా షెడ్డులో ఎవరడిగినా ఆ పని చెయ్యలేదు, మీరూ చెయ్యొద్దు.

పొగను చూసి జబ్బు చెప్పడం మీకూ వస్తుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చెయ్యగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. ఆయిల్ వాటి పక్కనుంచి రాత్రంతా కిందికి జారుతుంది. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బళ్ల కోసం ప్రత్యేకంగా చేసే ఆయిల్స్‌లో రబ్బరును మెత్తబరిచే పదార్థం ఉంటుంది, కొద్దిపాటి లీకుకి అది పనికొస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగుల మీద అనుమానం. అప్పుడు కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడాలి. తక్కువ ఉంటే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగిందా, రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగింది, ఆయిల్ ఆ సందు మూసింది కాబట్టే పెరిగింది. పెరగలేదా, వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. రింగులు మసితో ఇరుక్కుపోతే మాత్రం మందు పోసి రాత్రంతా నానబెడితే ఒక్కోసారి వదులవుతాయి. అరిగితే రీబోరే, అంటే సిలిండర్ లోపలి గోడ మళ్లీ కోయించడమే, వేరే దారి లేదు.

మందు మంచిదని ఎవరు చెప్పినా నేను ఒకటికి రెండుసార్లు ఎందుకు అడుగుతానో కూడా మీకు తెలియాలి. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజినీరు, పెట్రోల్‌లో సీసం కలిసిన పదార్థం కొద్దిగా వేస్తే ఇంజిన్‌లో నాకింగ్ (పెట్రోల్ సరైన తీరులో మండక టకటకమని కొట్టడం) ఆగిపోతుందని కనిపెట్టాడు. పేరులో సీసం మాట రాకుండా 'ఇథైల్' అని పెట్టి 1923లో అమ్మకం మొదలుపెట్టారు. మరుసటేడే న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే కార్మికులు ఆ విషం ఎక్కి చనిపోయారు. అయినా ఆపలేదు. ఇంజిన్‌కి అది నిజంగానే మంచి మందు. పొగలో వచ్చే సీసం చిన్నపిల్లల మెదడుకి విషం. మన దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. అల్జీరియాలో 2021లో ఆగింది, అన్ని దేశాల్లోకీ అదే చివరిది. మన కారు కొన్న కొత్తలో తాగింది ఆ పెట్రోలే. మీ అమ్మ చిన్నప్పుడు బడి వదలగానే షెడ్డుకొచ్చి, బళ్లు స్టార్ట్ చేసే చోటే కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఆ పొగలో సీసం ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలిస్తే ఆ గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్. మన కారు పుట్టినప్పుడు ఇది లేదు. ఎథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నెలల తరబడి నిలిస్తే నీళ్లూ ఎథనాలూ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి. పాత రబ్బరు పైపుల్నీ, వాషర్లనీ ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది. ట్యాంకులో పాత జిగురునీ అదే కడిగి ఫిల్టర్‌లోకి తోస్తుంది. ఇప్పటికే ఒక క్లీనర్ పోస్తున్నట్టే కదా! దీనికి సీసాలో మందు లేదు. పెట్రోల్ పైపులన్నీ ఎథనాల్‌కి తట్టుకునే రకంవి వేయించండి, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చండి, సెలవులకు బండి ఆపేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోల్ నెలల తరబడి ఉంచకండి. పైపు దగ్గర తడి కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా ఆ రోజు బండి తియ్యొద్దు. ఇది మాత్రం నా మాట మీద ఒట్టు.

ఇప్పుడు మీకు పని. రేపు పొద్దున బండి స్టార్ట్ చెయ్యకముందే ఆయిల్ స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడిచి ఫొటో తియ్యండి. తర్వాత ఒకరు స్టార్ట్ చెయ్యండి, ఒకరు సైలెన్సర్‌కి పక్కగా నిలబడి మొదటి పొగ ఏ రంగో చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గులు మూడూ విప్పి, ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా కాగితం మీద నంబర్లు రాసి వాటి మీద పెట్టండి. లేత గోధుమ రంగులో ఉంటే హాయి. పొడి మసి ఉంటే కార్బొరేటర్ చూద్దాం. ఆయిల్ తడి ఉంటే ఆ సిలిండర్ కంప్రెషన్ చూద్దాం. ఫొటోలన్నీ పంపండి.

ఆ సీసా మూత తియ్యకుండా డిక్కీలో ఉంచండి. దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురండి, దాని మీద ఏం రాసి ఉందో ముగ్గురం కలిసి చదువుదాం. పది నంబరు స్పానర్లు రెండు తీసి పెట్టాను, చాంబర్ ఈసారి మీరే దింపాలి. అమ్మమ్మ సున్నుండలకు మినుములు వేయిస్తోంది, వాసన ఇక్కడిదాకా వస్తోంది.

మీ
తాతయ్య